చీకటి కొనుక్కునేవాళ్ళు

తెలుగులో ఈ నాలుగైదేళ్ళలో ఒక కొత్త రకం యాత్రావ్యాసం తయారైంది. దాని నమూనా ఇది. రచయిత హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏడాదంతా మీటింగులతో విసిగిపోయి, అమావాస్య ఎప్పుడో చూసుకుని, ఐదు రాత్రుల ఆస్ట్రోఫొటోగ్రఫీ వర్క్‌షాపుకి లడఖ్‌లోని హాన్లేకో, స్పీతి లోయకో, జైసల్మేర్ ఇసుకల్లోకో, కచ్ రణ్‌కో వెళ్తాడు. అక్కడ జీవితంలో మొదటిసారి పాలపుంతని చూస్తాడు. కళ్ళు చెమరుస్తాయి. తను ఎంత అల్పుడో తెలిసొస్తుంది. చుట్టూ శూన్యం, నిశ్శబ్దం, అనంతం. వ్యాసం చివర ఊదారంగు పాలపుంత కింద, తలకి టార్చిలైటు కట్టుకుని, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆయన ఫొటో. నేనూ సాఫ్ట్‌వేర్ వాణ్ణే, నాకూ ఒక ట్రైపాడ్ ఉంది, కాబట్టి ఈ వెక్కిరింతలో నా వాటా నేను తీసుకుంటాను. కానీ నాకున్న ఫిర్యాదు వెక్కిరింతతో తీరేది కాదు.

ఈ వ్యాసాలు పాఠకుడికి రెండు సంగతులు నేర్పుతున్నాయి. రాత్రి ఆకాశం మన దగ్గర లేదు, టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి చూసి రావాల్సిన వస్తువు, అన్నది ఒకటి. అది ఉన్న చోట మనుషులుండరు, అన్నది రెండోది. రెండూ అబద్ధాలే. మొదటి అబద్ధం వల్ల నెల్లూరు తీరం లాంటి చోట్ల మిగిలి ఉన్న చీకటి ఎవరి లెక్కలోకీ రావడం లేదు. లెక్కలో లేనిది పోయినా అడిగేవాడుండడు. నా తగువంతా ఇక్కడే.

జువ్వలదిన్నె నెల్లూరు జిల్లా బోగోలు మండలంలో సముద్రపుటొడ్డు ఊరు. బిట్రగుంటలో రైలు దిగి తూర్పుకి వెళ్తే బకింగ్‌హాం కాలవ, అది దాటితే సరుగుడు తోటలు, తాటిచెట్లు, ఇసుక. పేరులోనే దిన్నె ఉంది. ఇసుక తిన్నెలు లేకపోతే కెమెరా బయటికి తియ్యనివాళ్ళకి ఆ లోటు కూడా లేదు. ఊరికి తూర్పున బంగాళాఖాతం. ఆ దిక్కున అండమాన్ దీవుల దాకా, అంటే దాదాపు 1,300 కిలోమీటర్ల మేర, ఒక్క వీధిదీపం లేదు. రాజస్థాన్‌లో ఏ తిన్నె ఎక్కి నిలబడినా ఏ ఒక్క వైపూ ఇంత దూరం ఊరు లేకుండా ఉండదు.

ఇక ఆకాశం సంగతి. ఇది అభిరుచికి సంబంధించిన మాట కాదు, హైస్కూలు లెక్క. ఒక నక్షత్రం దక్షిణ దిక్కున ఎంత ఎత్తుకి ఎక్కుతుందో చూసే చోటి అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. జువ్వలదిన్నె ఇంచుమించు 15 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, హాన్లే 33 మీద. ఈ వర్క్‌షాపులన్నీ దేనికోసం పెడుతున్నారో ఆ పాలపుంత నడిబొడ్డు, ధనుస్సు వృశ్చికాల మధ్య ఉండే ఆ వెలుగుముద్ద, హాన్లేలో మహా అయితే 28 డిగ్రీలు ఎక్కుతుంది. జువ్వలదిన్నెలో 46. అంటే దిగంతానికీ నడినెత్తికీ సరిగ్గా సగం. అగస్త్య నక్షత్రం హాన్లేలో నాలుగైదు డిగ్రీల ఎత్తున, అదీ కొండ అడ్డం రాకపోతేనే. మన దగ్గర 22 డిగ్రీలు. సూర్యుడి పొరుగు నక్షత్రమైన ఆల్ఫా సెంటారీ హాన్లేలో అసలు ఉదయించదు. త్రిశంకు కూడా అంతే. జువ్వలదిన్నెలో రెండూ పన్నెండు నుంచి పద్దెనిమిది డిగ్రీల ఎత్తున కనబడతాయి.

త్రిశంకు దగ్గర కాసేపు ఆగుతాను. అసెంబ్లీలో ఎవరికీ మెజారిటీ రాకపోతే మన పేపర్లు త్రిశంకు సభ అని రాస్తాయి. ఎటూ తేలని ప్రతివాడూ త్రిశంకు స్వర్గంలో ఉంటాడు. ఇంతగా వాడే ఆ మాట వెనక ఆకాశంలో నాలుగు చుక్కలున్నాయనీ, విశ్వామిత్రుడి కథలో ఆ రాజు తలకిందులుగా వేలాడుతున్నది దక్షిణాకాశంలోననీ, ఏప్రిల్, మే నెలల్లో కోస్తాలో ఎక్కడైనా చీకట్లో దక్షిణం వైపు తిరిగి నిలబడితే ఆయన్ని చూడొచ్చనీ మనలో ఎంతమందికి తెలుసు? దిగంతానికి కాస్త పైన, కిందికి పడకుండా పైకి పోకుండా ఉంటాడు. లడఖ్‌లో పుట్టినవాళ్ళకి ఆ కథ అర్థం కావాలంటే ఊహించుకోవాలి. నెల్లూరు వాడికి తల తిప్పితే చాలు.

హాన్లే గొప్పతనాన్ని నేను తక్కువ చెయ్యడం లేదు. అది సముద్రమట్టానికి 4,200 మీటర్ల పైన ఉంది. గాలి పలచన, తేమ లేదు, నేల మీద వెలుగు దాదాపు సున్నా. ఇండియన్ ఆస్ట్రనామికల్ అబ్జర్వేటరీని అక్కడ ఊరికే కట్టలేదు. జువ్వలదిన్నెలో గాలి చిక్కగా ఉంటుంది, ఉప్పుతేమ ఉంటుంది, దిగంతం దగ్గరి చుక్కలు ఎర్రబడి మసకబారతాయి. ఒకే కెమెరాతో, ఒకే ఎక్స్‌పోజర్‌తో రెండు చోట్లా తీస్తే హాన్లే ఫొటో శుభ్రంగా ఉంటుంది, సందేహం లేదు. కానీ ఫొటో శుభ్రంగా రావడం, ఫొటో తియ్యడం నేర్చుకోవడం, ఈ రెండూ ఒకటే అన్నట్టు అమ్ముతున్నారు చూడండి, అక్కడే నాకు మండుతుంది.

ఐదు రాత్రుల్లో ఏం నేర్చుకుంటారు? మెంటర్ చెప్పిన సెట్టింగులు ఎక్కిస్తారు. ఎఫ్ 2.8, ఐఎస్ఓ 3200, 20 సెకన్లు. ఆయన చూపించిన దిక్కుకి గురిపెడతారు. ఆయన ఫోకస్ చేసిన లెన్స్ కదలకుండా టేపు అంటిస్తారు. అంత నల్లటి ఆకాశంలో, అంత పొడి గాలిలో ఎవరు బటన్ నొక్కినా బొమ్మ వస్తుంది. అందుకే ఆ వర్క్‌షాపులు ఎప్పుడూ సఫలమవుతాయి. తిరిగొచ్చాక అదే మనిషిని కావలి దగ్గర ఒడ్డున వదిలితే లెన్స్ ఎందుకు మసకబారిందో చెప్పలేడు. అరగంటలో అద్దం మీద తేమ పట్టిందనీ, పవర్‌బ్యాంకుతో వేడెక్కే ఒక గుడ్డపట్టీ లెన్స్ చుట్టూ కడితే అది పట్టదనీ ఆయనకి హాన్లే నేర్పలేదు. అక్కడ ఆ అవసరం రాదు.

చుక్కలు గీతలు కాకుండా ఎంతసేపు ఎక్స్‌పోజర్ ఇవ్వొచ్చు అన్నదానికి ఐదొందల సూత్రం అని ఒకటి ఉంది. 500ని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే సెకన్లు వస్తాయి. 20 మిల్లీమీటర్ల లెన్స్‌కి 25 సెకన్లు. ప్రతి వర్క్‌షాపులోనూ మంత్రం లాగా చెబుతారు. అది ఫిల్ము రోజుల ఉజ్జాయింపు. ఇవాళ్టి సెన్సర్లకి అందులో సగం మేలు. పైగా ధ్రువనక్షత్రం దగ్గర చుక్కలు నెమ్మదిగా జరుగుతాయి, తూర్పున సముద్రంలోంచి లేచేవి వేగంగా జరుగుతాయి. ఒకే లెన్స్‌కి రెండు దిక్కుల్లో రెండు లెక్కలన్నమాట. ఇది పుస్తకంలో చదివితే ఒంటబట్టదు. ఒకే ఒడ్డున మళ్ళీ మళ్ళీ నిలబడి, ఇంటికెళ్ళి బొమ్మని పెద్దది చేసి చూసుకుని, వచ్చే అమావాస్యకి సరిచేసుకుంటే తెలుస్తుంది. చిన్న ఎక్స్‌పోజర్లు పదహారు తీసి ఒకదాని మీద ఒకటి పేరిస్తే బొమ్మలోని గరుకుదనం నాలుగో వంతుకి పడిపోతుంది. పలచటి గాలి ఉచితంగా ఇచ్చే శుభ్రతలో కొంత ఇలా కష్టపడి సంపాదించుకోవచ్చు. అలా సంపాదించుకోవడాన్నే నేను నేర్చుకోవడం అంటాను. సంవత్సరానికి పన్నెండో పదమూడో అమావాస్యలు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా నెల్లూరు ఆకాశం ఈశాన్య రుతుపవనాలది కాబట్టి అవి తీసెయ్యండి. నైరుతి మబ్బులకి ఇంకో రెండు. అయినా ఏడెనిమిది మిగులుతాయి. ఐదు రాత్రుల కంటే ఎక్కువే, మధ్యలో ఆలోచించుకోడానికి నెలేసి వ్యవధితో.

వర్క్‌షాపు క్యాలెండర్లలో ఎక్కడా కనబడని ఒక సంగతి చెబుతాను. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. ఆ రెండు నెలలూ సముద్రం మీద బోటు దీపాలు దాదాపు ఉండవు. పాలపుంత నడిబొడ్డు సాయంత్రానికీ అర్ధరాత్రికీ మధ్య ఉదయించే రోజులు కూడా సరిగ్గా అవే. ఏప్రిల్ మధ్యలో రాత్రి పదకొండు గంటలకి ఒడ్డున నిలబడితే తూర్పున నీళ్ళలోంచి ఆ వెలుగుముద్ద లేస్తూ ఉంటుంది, దక్షిణాన త్రిశంకు నిలువుగా ఉంటాడు, రెండింటినీ కలుపుతూ పాలపుంత దిగంతం మీద వాలిపోయి వంతెనలా పడుకుని ఉంటుంది. మే మధ్యకి ఇదంతా తొమ్మిదికే. నక్షత్రాలు సముద్రంలోంచి ఇక్కడ దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాయి, లడఖ్‌లో బాగా ఏటవాలుగా. గంటసేపు తీసిన గీతల బొమ్మ చూస్తే అది ఏ అక్షాంశంలో తీసిందో చెప్పెయ్యొచ్చు. మన అక్షాంశానికి ఒక దస్తూరీ ఉంది. మనవాళ్ళు తెచ్చి పెడుతున్న ఫొటోలన్నీ వేరేవాళ్ళ దస్తూరీలో ఉన్నాయి.

ఇది నా సొంత సిద్ధాంతం అనుకోకండి. తక్కువ అక్షాంశం విలువ తెలిసినవాళ్ళు మనకి ముందే ఉన్నారు. వేణు బప్పు హైదరాబాద్‌లో పెరిగినవాడు, తండ్రి నిజామియా అబ్జర్వేటరీలో పనిచేశాడు. దక్షిణాకాశం బాగా అందుతుందన్నది కూడా చూసుకునే ఆయన తమిళనాడులో జవ్వాది కొండల్లో కావలూరుని ఎంచుకున్నాడు. అది పన్నెండున్నర డిగ్రీల మీద ఉంది.

అంతకుముందు కథ ఇంకా రుచిగా ఉంటుంది. ఆకాశం మొత్తాన్ని ఫొటోలు తీసి నక్షత్రాల జాబితా చెయ్యాలని 1887లో పారిస్‌లో ఒక అంతర్జాతీయ పథకం మొదలైంది. ఒక్కో అబ్జర్వేటరీకి ఆకాశంలో ఒక్కో పట్టీ పంచారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ చిలీలోని సాంటియాగోకి వచ్చింది. అక్కడ పని సాగలేదు. చివరికి దాన్ని పూర్తి చేసింది ఎవరంటే హైదరాబాద్ వాళ్ళు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించగా తర్వాత నిజాం ప్రభుత్వం తీసుకున్న నిజామియా అబ్జర్వేటరీలో, ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో, గాజు పలకల మీద. టి.పి. భాస్కరన్ 1918 నుంచి 1944 దాకా దానికి డైరెక్టరు. లక్షల నక్షత్రాల స్థానాలు కొలిచి సంపుటాలుగా అచ్చువేశారు. ఇవాళ ఆస్ట్రోఫొటోగ్రాఫర్లకి చిలీ కాశీ లాంటిది, అటకామా ఎడారి చూడకపోతే జన్మ వృథా. ఒకప్పుడు చిలీ వదిలేసిన ఆకాశాన్ని ఫొటో తీసి పెట్టింది బేగంపేట!

అవును, బేగంపేట. ఇప్పుడు అక్కడ ఫ్లైఓవర్ మీద నిలబడి చూడండి, చంద్రుడూ శుక్రుడూ విమానాలూ కనబడతాయి. ఊరి వెలుగు పెరిగి అబ్జర్వేటరీ పని 1960ల్లో రంగాపూర్ వెళ్ళింది. హైదరాబాద్ వెలుగు దాని వెనకాలే నడిచింది. ఈ నూరేళ్ళలో బేగంపేట చీకటి పోతున్నప్పుడు ఎవరైనా ఏడ్చినట్టు తెలుగు సాహిత్యంలో నాకెక్కడా కనబడలేదు. చెరువులు పోయాయని రాశారు, గుట్టలు పోయాయని రాశారు, ఇరానీ హోటళ్ళు పోయాయని బోలెడు రాశారు. మన కవిత్వంలో నక్షత్రాలకేం కొదవ లేదు, గుప్పెళ్ళకొద్దీ ఉంటాయి, రాలుతుంటాయి, కళ్ళల్లో మెరుస్తుంటాయి. ఫలానా చుక్క, ఫలానా నెలలో, ఫలానా దిక్కున అని ఉన్న పద్యం కోసం మాత్రం వెతుక్కోవాలి. పేరులేని వస్తువుని పోగొట్టుకోవడం తేలిక.

పేర్లు లేవా అంటే ఉన్నాయి. పిల్లలకోడి, గొల్లకావడి, మంచంకోళ్ళు, వేగుచుక్క, పాలవెల్లి. ఊళ్ళల్లో రాత్రి ఎంతైందో వీటిని చూసే చెప్పేవాళ్ళు. రైతులు ఇప్పటికీ రోహిణి కార్తె, మృగశిర కార్తె అంటూనే ఉన్నారు. సూర్యుడు ఏ నక్షత్రం దగ్గరున్నాడో దాన్ని బట్టి పొలంలో ఏం చెయ్యాలో లెక్క. మన యాత్రావ్యాసాల్లో మాత్రం ఓరియన్ బెల్ట్, మిల్కీ వే కోర్, బ్లూ అవర్. ఇంగ్లీషు మాటలు వాడినందుకు కాదు నా బాధ, నా రోజంతా ఆ మాటలతోనే గడుస్తుంది. పాలవెల్లి అన్న మాటలో ఒక సాక్ష్యం ఉంది. కంటికి ఆ పట్టీ పాలలాగా తెల్లగా, పలచగా కనబడుతుంది కాబట్టి ఆ పేరు. వ్యాసం చివరి ఫొటోలో అది ఊదారంగులో, నారింజ మంటలతో ఉంటుంది. కెమెరా కంటికంటే ఎక్కువ వెలుగు పోగుచేస్తుంది, రంగులు నిజంగానే కొన్ని ఉంటాయి, మిగతావి కంప్యూటర్లో స్లైడర్లు లాగితే వస్తాయి. అందులో తప్పేం లేదు. ఆ బొమ్మ కింద "నేను చూసిన ఆకాశం" అని రాయడం మాత్రం తప్పు. ఆయన చూసింది పాలు. చూపించింది ఇంకేదో. ముందు మనుషుల్ని రాత్రి తొమ్మిదికి తీసి, ఆకాశాన్ని ఇంకో చోట ఇంకో రోజు తీసి, రెండూ అతికించి, అతికించిన సంగతి చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. కథలో అబద్ధం చెప్తే పట్టుకునే మన విమర్శకులు ఫొటోలో అబద్ధాన్ని లైకులు కొట్టి వదిలేస్తున్నారు.

ఇప్పుడు రెండో అబద్ధం, శూన్యం గురించి. చాంగ్‌థాంగ్ పీఠభూమిలో చాంగ్‌పాలు తరతరాలుగా పష్మీనా మేకలు కాచుకుంటూ బతుకుతున్నారు. రణ్‌లో ఉప్పు పండించే అగరియాలున్నారు. వాళ్ళ గొర్రెలు, గుడారాలు, ఉప్పుమడులు వ్యాసకర్త ఫ్రేములో పడవు, పడితే చెరిపేస్తాడు. ఎందుకంటే శూన్యంలో ఒంటరిగా నిలబడ్డ తను కావాలి. అసలు హాన్లేలో చీకటి ఎవరూ లేనందువల్ల మిగల్లేదు. 2022 డిసెంబర్‌లో అక్కడ 1,073 చదరపు కిలోమీటర్లని డార్క్ స్కై రిజర్వ్‌గా ప్రకటించారు. అది నిలబడుతున్నది ఊరివాళ్ళు కిటికీలకి మందపాటి పరదాలు వేసుకోబట్టి, దీపాలకి మూతలు పెట్టుకోబట్టి, రాత్రిళ్ళు బండి హెడ్‌లైట్లు తగ్గించబట్టి. ఆ ఊళ్ళ మనుషులకే టెలిస్కోపులిచ్చి, ఆకాశం చూపించడం నేర్పి, దాన్ని వాళ్ళకో ఆదాయంగా చేశారు. అంటే అక్కడి చీకటి మనుషులు కూర్చుని మాట్లాడుకుని కాపాడుకుంటున్న ఉమ్మడి ఆస్తి, మన చెరువు నీళ్ళలాగా. ఐదు రాత్రులు దాన్ని వాడుకుని తిరిగొచ్చి శూన్యం అని రాసేవాడికి ఆ పరదా కనబడలేదు. హాన్లే నుంచి నెల్లూరుకి తెచ్చుకోదగ్గ వస్తువు అదొక్కటే.

ఎందుకంటే జువ్వలదిన్నె ఇప్పుడు మారుతున్న ఊరు. 2020 నవంబర్‌లో అక్కడ ఫిషింగ్ హార్బర్‌కి శంకుస్థాపన జరిగింది, కట్టారు. ఉత్తరాన ముప్పై కిలోమీటర్ల లోపు రామాయపట్నం ఓడరేవు. దక్షిణాన అరవై కిలోమీటర్ల దూరంలో కృష్ణపట్నం ఓడరేవు, థర్మల్ కేంద్రాలు. ఆ వెలుగు ఇప్పటికే త్రిశంకు కాళ్ళ కింద నారింజ మరకలా ఉంటుంది. మధ్యలో రొయ్యల చెరువులు, రాత్రంతా తిరిగే ఏరేటర్లు, గట్ల మీద దీపాలు. ఇంకో పదేళ్ళకి తీరం పొడుగునా ఒకే వెలుగు తోరణం అవుతుందని ఊహించడానికి జ్యోతిషం అక్కర్లేదు.

ఇక్కడ నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది, అడుగుతారు కూడా. నీ ఫొటోల సరదా కోసం మత్స్యకారుడి దీపం ఆర్పెయ్యమంటావా? తుఫానొస్తే పోయే కరెంటు, తరాల తరబడి చీకట్లో పడవలు నెట్టిన జనం, ఇప్పుడిప్పుడే జెట్టీ, దాని మీద లైటు. లక్ష రూపాయల కెమెరా మెడలో వేసుకుని వచ్చి చీకటి గొప్పది అనడం ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు తెలుసు. ఒడ్డున ఒకాయన నన్నడిగాడు. "ఏంది అబ్బయా, ఎవురూ లేని చోట జేరి ఈ చీకట్లో ఏం దీస్తా ఉండావు?" కెమెరా తెర మీద చూపించాను. కాసేపు చూసి, "ఇప్పుడంటే జీపీయస్ గానీ, మా నాయన ఈ చుక్కల్ని పట్టుకునే ఒడ్డుకొచ్చేవోడు" అన్నాడు. "ఏ చుక్క పెద్దాయనా?" అంటే సముద్రం వైపు చెయ్యి చూపించాడు గానీ, ఆ చెయ్యి ఆగిన చోట ఏముందో నాకు తెలియలేదు, ఆయన పేరు చెప్పలేదు. వాళ్ళ నాయనకి తెలిసేదట.

నా జవాబు ఇది. దీపం ఆర్పమని ఎవరూ అడగడం లేదు, దాన్ని కిందికి తిప్పమంటున్నాను. తెల్లవారుజామున మూడింటికి చేపలు దించేవాడికి వెలుగు కావాల్సింది జెట్టీ నేల మీద, తన చేతుల మీద. ఎత్తు స్తంభం మీద ఫ్లడ్‌లైటుని పక్కకి వంచి పెడితే దాని వెలుగులో పెద్దవాటా సముద్రం మీదికీ ఆకాశంలోకీ పోతుంది. దానికీ కరెంటు బిల్లు కడుతున్నాం. బయట్నుంచి చీకట్లో వస్తున్న బోటు నడిపేవాడికి ఆ దీపం కంట్లో గుచ్చుకుంటుంది, దాని పక్కన ఉన్న రాయి కనబడదు. మూత ఉన్న దీపం, నేలకి సమాంతరంగా, తెల్లటి నీలపు ఎల్ఈడీకి బదులు 3000 కెల్విన్ లోపు పచ్చటి ఎల్ఈడీ. నీలం వెలుగు గాలిలో ఎక్కువ చెదురుతుంది, అందుకే పగటి ఆకాశం నీలంగా ఉంటుంది, అందుకే రాత్రి ఆకాశం బూడిదరంగు అవుతోంది. ఈ మార్పుకి పెద్ద ఖర్చు లేదు, స్తంభాలు నాటేటప్పుడే చేస్తే దాదాపు ఏమీ లేదు. నాటాక చెయ్యాలంటే టెండర్లు, ఫైళ్ళు.

దీపాల గురించి అడగాల్సినవాళ్ళు ఇంకా ఉన్నారు, నోరు లేనివాళ్ళు. మన తూర్పు తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెడతాయి. రాత్రి పూట బయటికొచ్చే పిల్లలకి దారి చూపించేది సముద్రం మీద ఆకాశపు వెలుగు. ఎటువైపు దిగంతం ఎక్కువ వెలుగ్గా ఉంటే అటు పోతాయి. ఊరివైపు ఫ్లడ్‌లైటు ఉంటే ఊరివైపు నడుస్తాయి, తెల్లారేసరికి కాకులకి దొరుకుతాయి. నా ఫొటో కోసం ఎవరూ దీపం తిప్పక్కర్లేదు, ఈ లెక్క చాలు.

కొంత వెలుగుకి మాత్రం మూత పెట్టలేం. జువ్వలదిన్నెకి దక్షిణంగా దాదాపు 120 కిలోమీటర్ల దూరంలో శ్రీహరికోట. రాత్రి ప్రయోగాలు ఒడ్డునుంచి కనబడతాయి, నారింజ గీత ఒకటి ఆకాశంలోకి వంగుతూ పోతుంది, ఎంత చూసినా విసుగు పుట్టదు. 2022 అక్టోబర్ 23న అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలకి ఎల్‌వీఎం3 రాకెట్టు వన్‌వెబ్ కంపెనీ ఉపగ్రహాలు 36 తీసుకుపోయింది. తర్వాతి మార్చిలో ఇంకో 36. ఇప్పుడు అటకామాలోనో హాన్లేలోనో ఎవరైనా ఫొటో తీస్తే అడ్డంగా సన్నటి గీతలు పడుతున్నాయంటే వాటిల్లో కొన్ని మన ఒడ్డునుంచి వెళ్ళినవే. వాటిని సాఫ్ట్‌వేర్‌తో చెరిపేస్తున్నారు. మనుషులు లేని ఎడారి వాళ్ళకి ఎంత ముద్దో, గీతలు లేని ఆకాశం కూడా అంతే ముద్దు.

అందుకని వర్క్‌షాపులకి వెళ్ళేవాళ్ళకి ఒక పందెం. ఒక ఏడాది ఎక్కడికీ వెళ్ళకండి. మీ ఊరికి దగ్గర్లో, వంద కిలోమీటర్లలోపు, ఒక ఒడ్డో గట్టో ఎంచుకోండి. నెల్లూరు వాళ్ళకి జువ్వలదిన్నె, ఒంగోలు వాళ్ళకి కొత్తపట్నం, కర్నూలు వాళ్ళకి నల్లమల అంచు. ప్రతి అమావాస్యకీ అదే చోట, అదే లెన్స్‌తో, అదే ఎక్స్‌పోజర్‌తో, నాలుగు దిక్కులా నాలుగు ఫొటోలు. స్లైడర్లు ముట్టుకోకుండా తారీఖు వేసి దాచండి. లైకులు రావు, మసగ్గా ఉంటాయి. కానీ ఏ దిక్కున ఏ నెలలో ఏ కొత్త దీపం వచ్చిందో, దానివల్ల ఏ చుక్క పోయిందో అందులో ఉంటుంది. బేగంపేటకి అలాంటి సాక్ష్యం ఉందా? గాజు పలకలున్నాయి, వాటి మీద నక్షత్రాలున్నాయి, అవి ఏ సంవత్సరం నుంచి కనబడ్డం మానేశాయో ఎవరూ రాసిపెట్టలేదు. ఆ నాలుగు ఫొటోలు పట్టుకుని హార్బర్ ఇంజనీరు దగ్గరికి వెళ్తే ఆయన వినొచ్చు, వినకపోవచ్చు. ఊదారంగు పాలపుంత పట్టుకుని వెళ్తే బాగుందండీ అని వాట్సాప్‌లో పంపమంటాడు.

జువ్వలదిన్నె ఒడ్డుకి వెళ్ళేవాళ్ళు సన్న కాళ్ళ ట్రైపాడ్ తీసుకెళ్ళకండి, తడి ఇసుకలో దిగిపోతుంది, కాళ్ళ కింద మూడు ప్లాస్టిక్ మూతలు పెట్టుకోండి. ఉప్పుగాలికి లెన్స్‌ని మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో తుడుచుకోండి. వేట నిషేధం ఏప్రిల్ 15న మొదలవుతుంది.